కోర్టు కాపాడిన నీళ్లు

లోకంలో నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం నేల మీద నీళ్లు. సముద్రమంటే అంత భయం లేదు. అది కనబడుతుంది, చప్పుడు చేస్తుంది, దగ్గరికి వెళ్లొద్దని చెప్పేవాళ్లుంటారు. తెల్ల టైల్సు మీద మగ్గెడు నీళ్లు ఏ చప్పుడూ చెయ్యవు. మా లాస్యకు నాలుగేళ్లు. దానికి నడక రాదు, పరుగొక్కటే వచ్చు. నీళ్లూ లాస్యా ఒకచోట కలవకుండా చూడడమే నా ఉద్యోగం. ఫిబ్రవరిలో ఒక ఆదివారం రవ్వ ప్యాకెట్టు మీద తేదీ చదువుతూ ఆ ఉద్యోగానికి అర నిమిషం సెలవు పెట్టాను.

అది సకలం సూపర్ బజారు. ఎక్కడో హెడ్డాఫీసు ఉన్న కంపెనీ, మా ఊరి మెయిన్ రోడ్డు మీద రెండంతస్తుల కొట్టు. మూడో వరస చివర ఐస్‌క్రీం ఫ్రిజ్ ఉంటుంది. దాని కింద నుంచి నీళ్లు కారి చాపంత మడుగు కట్టేది. లాస్య ఐస్‌క్రీం వైపు పరుగెత్తింది, మడుగులో జారింది, కుడి చేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు రవ్వ దగ్గరికి వినబడింది.

ఆ కొట్లో నేల తుడిచే పైడమ్మ పిన్ని పిల్లను ఎత్తుకుని నాకంటే ముందు ఏడ్చింది. ఫ్రిజ్ కారుతోందని దీపావళి నుంచి చెబుతోందట. చెప్పిన ప్రతిసారీ ఇంకొక తుడుపుగుడ్డ ఇచ్చారట. మేనేజరు వంశీధర్ వచ్చి, స్టోరులో పరుగెత్తడం కంపెనీ పాలసీకి విరుద్ధమని లాస్యకు వివరించాడు.

ఎముకల డాక్టరు దాని కుడి చేతికి మోచెయ్యి దగ్గర నుంచి వేళ్ల దాకా పిండికట్టు వేశాడు. నాలుగు వారాలకు తీస్తానన్నాడు. అంతకుమించి ఉంచితే మణికట్టు బిగుసుకుపోతుందని, చిన్నపిల్ల గనక తర్వాత పెన్సిలు పట్టుకోవడం కష్టమవుతుందని చెప్పాడు. ఈలోగా మాత్రం తడపొద్దు, తడిస్తే ముద్దలా మెత్తబడి ఊడివస్తుందన్నాడు. నేను స్నానం చేయించేటప్పుడు ఆ చేతికి పాలప్యాకెట్టు కవరు తొడిగి, పైన రబ్బరుబ్యాండు వేసి, దాని మీద తువ్వాలు చుట్టేదాన్ని. నీళ్లంటే నా భయానికి అప్పుడు డాక్టరు సంతకం కూడా దొరికింది.

నా చదువు తొమ్మిదో తరగతిలో ఆగిపోయింది. అందుకని, కోర్టుకు వెళితే ఆ ఫ్రిజ్ బాగవుతుందనుకున్నాను. ఇంకో పిల్ల పడకూడదు, అంతే నా కోరిక. మా అమ్మ తరఫు వరసలో బాబాయి అయ్యే సన్యాసినాయుడు గారు లాయరు. ఆయన కాగితాలన్నీ చూసి, ముందు సాక్ష్యం కాపాడుకోవాలమ్మా, రేపు వాళ్లు మడుగు తుడిచేస్తే ఇక మనకు మిగిలేదేముంది అన్నారు. నిజమే కదా అనిపించింది. మడుగు తుడవమని అడగడానికి వెళ్లిన నేను, మడుగు తుడవొద్దని పిటిషను మీద సంతకం పెట్టి వచ్చాను.

మూడో రోజు పిలుపు వచ్చింది. బంట్రోతు వరండాలోకి వచ్చి, వాది, మైనరు లాస్య, అని మూడుసార్లు పిలిచాడు. బడిలో కొత్తగా వేశాం, పేరు పిలిస్తే ఏమనాలో దానికి తెలుసు.

"ఎస్ మేడమ్," అంది.

జడ్జిగారికి మీసాలున్నాయి. అయినా ఆయన నవ్వలేదు. వాది హాజరు అని రాయించి, ఉత్తర్వు ఇచ్చారు. ఒకటే వాక్యం. తదుపరి ఉత్తర్వుల వరకు ఉభయ పక్షములు యథాతథ స్థితిని కాపాడవలెను. స్థలాన్ని చూసి నివేదిక ఇవ్వడానికి భానుమూర్తి గారనే లాయరును కమిషనరుగా వేశారు. ఆ వాక్యం నిజానికి పొలం గట్ల తగాదాల కోసం తయారైందట. బెంచి గుమస్తా దగ్గర కట్టలుగా ఉంటుందట. పేర్లూ తేదీ నింపి మా మడుగుకు తొడిగారు.

ఉత్తర్వు కొట్టుకు చేరిన సమయానికి అక్కడ ఒక ఘోరం జరుగుతోంది. ఫ్రిజ్ మెకానిక్ వచ్చి ఫ్రిజ్ బాగుచేస్తున్నాడు. పిల్ల పడ్డాక హెడ్డాఫీసుకు భయం పుట్టి పంపించిందట. వంశీధర్ కాగితం చదివి, బిగించినవన్నీ విప్పమన్నాడు. మెకానిక్ విప్పాడు. విప్పినా కారలేదు. దీపావళి నుంచి కారిన ఫ్రిజ్, కారి తీరాలని కోర్టు చెప్పిన రోజునే పొడిగా కూర్చుంది.

మధ్యాహ్నానికి మడుగు అంచులు ఎండడం మొదలుపెట్టాయి. వంశీధర్ సుద్దముక్కతో మడుగు చుట్టూ గీత గీసి హెడ్డాఫీసు లీగల్ విభాగానికి ఫొటో పంపాడు. వాళ్ల దగ్గర నుంచి జవాబు వచ్చింది. నీటి విస్తీర్ణం గీత దాటి పెరగరాదు, గీత లోపలికి తగ్గరాదు, ఇందుకు బాధ్యత గల ఉద్యోగిని నియమించవలెను. నీళ్ల విషయంలో ఆ కొట్లో అనుభవం ఉన్న మనిషి ఒక్కతే. పైడమ్మ పిన్ని చేతిలోంచి తుడుపుకర్ర తీసుకుని మగ్గు ఇచ్చారు. ఒక స్టూలు కూడా వేశారు.

"పదకొండేళ్లు తుడిసినాను," అంది పిన్ని నాతో. "ఇప్పుడు పోత్తన్నాను. ఉద్యోగం పెంచినారో దించినారో అడిగితే ఆ మేనేజరు బాబు సెప్పడు."

ఇక్కడిదాకా నాకు కోపం రాలేదు. నవ్వు కూడా వచ్చింది. నాలుగు వారాలు నిండిన రోజు లాస్యను తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన కత్తెర తీశాడు, మళ్లీ డ్రాయరులో పెట్టేశాడు. అంతకుముందు రోజే ఆయనకు కంపెనీ లాయరు నోటీసు వచ్చిందట. ఉత్తర్వులో ఉభయ పక్షములు అని ఉంది, ప్రతివాది మడుగును కాపాడుతున్నాడు, వాది తన చేతికట్టును కాపాడాలి, దాన్ని తీయడం సాక్ష్యాన్ని నాశనం చేయడమే అని అందులో ఉంది.

"నాకు కోర్టులంటే పడదమ్మా," అన్నాడు డాక్టరు. "పర్మిషను కాగితం తెండి, రెండు నిమిషాల్లో తీసేస్తాను."

ఆ రెండు నిమిషాల కోసం నేను ఆరు వారాలు తిరిగాను.

మొదటిసారి వెళితే, అవతలి పక్షానికి నోటీసు ఇవ్వకుండా కట్టు తీయించలేమన్నారు. రెండోసారి వాళ్లు కౌంటరు వేయడానికి గడువు అడిగారు. మూడోసారి కౌంటరు వచ్చింది. కట్టు లోపల చెయ్యి ఉన్నదనడానికి ఆధారం లేదని అందులో రాశారు. నాలుగోసారి జడ్జిగారే నన్ను పిలిచి, ఏం చదువుకున్నావమ్మా అని అడిగారు. తొమ్మిది అన్నాను. అయితే యథాతథ స్థితి అంటే ఏమిటో నీకు తెలిసే అవకాశం తక్కువ అన్నారు, దయగానే.

"తెలుసండి," అన్నాను. "ఎంగిలి గిన్నెలు తోమకుండా వదిలేస్తే మర్నాడు కూడా అలాగే ఉంటాయి. అదేనండి."

బాబాయ్ నా కొంగు పట్టుకుని లాగి కూర్చోబెట్టారు. జడ్జిగారు ఆ ఉపమానాన్ని రికార్డు నుంచి తొలగించమన్నారు.

లాస్య వేళ్లు ఉబ్బాయి. కట్టు లోపల దురద పెడుతోందని నా జడపిన్ను దూర్చుకునేది. ఎముక అతికిపోయింది, పిల్ల పెరుగుతోంది, కట్టు మాత్రం యథాతథంగా ఉంది. రాత్రి పడుకోబెట్టి ఆ వేళ్లు ఒక్కొక్కటీ వంచి చూసేదాన్ని. మొదట్లో అయిదూ వంగేవి. తర్వాత బొటనవేలు సగం దగ్గరే ఆగిపోయేది. మా ఆయన జూట్ మిల్లు షిఫ్టు దిగి వచ్చి, నేనే కోసి పారేస్తాను, జైల్లో పెడితే పెట్టనీ అనేవాడు. బాబాయ్‌ని అడిగితే, కోసినవాళ్ల మీద ధిక్కారం కేసు వస్తుంది, ఈయన మిల్లు ఉద్యోగం పోతుంది, కోయకండి అన్నారు.

ఈలోపల మడుగు కూడా ఊరికే కూర్చోలేదు. పంచాయతీరాజ్‌లో రిటైరైన ఒకాయన నెయ్యి కోసం వచ్చి పడ్డాడు. పెళ్లి సామాను కొనడానికి వచ్చిన ఇద్దరు తోడికోడళ్లు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఒకేసారి పడ్డారు. పడిన ప్రతివాళ్లూ దావా వేశారు. ప్రతి దావాలోనూ బెంచి గుమస్తా కట్టలోంచి అదే కాగితం తీశాడు. అందరి కట్లూ యథాతథం అయ్యాయి. కంపెనీ లాయరు ఇంకో అడుగు ముందుకు వేసి, పడుతున్నవాళ్ల వల్ల నీళ్లు గీత దాటి చింది సాక్ష్యం చెదిరిపోతోందనీ, కనుక కొనుగోలుదారులు పడకుండా శాశ్వత నిషేధం విధించాలనీ పిటిషను వేశాడు. కోర్టు దాన్ని విచారణకు స్వీకరించింది. ఆ తర్వాత కొట్టు గుమ్మంలో, నేను పడబోనని సంతకం పెట్టించుకుని లోపలికి పంపేవారు.

పోస్తున్న నీళ్లు అసలు నీళ్లేనా అని ఒక వాయిదా మొత్తం నడిచింది. అసలు నీళ్లు ఫ్రిజ్‌వి, ఇవి కుళాయివి అని మా బాబాయే లేవదీశారు. ఎందుకు బాబాయ్ అని అడిగితే, అవకాశం వచ్చినప్పుడు వదలకూడదమ్మా అన్నారు. చివరికి ఐస్‌క్రీం కరిగించి పట్టిన నీళ్లు వారానికొకసారి కలపాలని ఉభయులూ రాజీకి వచ్చారు. కట్టు విషయం ఆ రోజు చేపట్టడానికి టైము చాలలేదు.

పైడమ్మ పిన్ని కాళ్లు పాడైపోయాయి. పొద్దస్తమానం తడిలో ఉండి వేళ్ల సందులు ఒరిసి తెల్లగా నానిపోయాయి. అరిగిపోయిన హవాయి చెప్పులతో, గోడ పట్టుకుని లేస్తుంది, మగ్గు ముంచుతుంది, మళ్లీ గోడ పట్టుకుని కూర్చుంటుంది. నేను జారకుండా అడుగున గాట్లున్న కొత్త చెప్పులు కొని పట్టుకెళ్లాను. వంశీధర్ లీగల్ విభాగాన్ని అడిగి, అవి వేసుకుంటే స్థల స్వరూపం మారుతుందని తిరిగి ఇచ్చేశాడు. పిన్ని చెప్పుల వైపు చూడనేలేదు, లాస్య వేళ్ల వైపు చూసింది. బొటనవేలు వంచమని అడిగింది. వంగలేదు.

"మా మనవడికి పుట్టుకతో పాదం వంకర," అంది. "వారం వారం కట్టు మార్సేవోలు. పెద్దాసుపత్రిలో కట్టు ఎలగ ఇప్పుతారో సూసినావేటి నువ్వు?"

చూడలేదన్నాను. ఆ మాట అక్కడే ఆపేసింది. మేనేజరు చూస్తున్నాడు.

వేసవి సెలవులకు కోర్టు మూసేముందు, ఏప్రిల్ మూడో వారంలో, కమిషనరు భానుమూర్తి గారు తనిఖీకి వచ్చారు. పట్టపగలు పదకొండు గంటలకు, నల్లకోటు, టేపు, తెల్లకాగితాల అట్టతో. వెంట బాబాయ్, కంపెనీ లాయరూ వచ్చారు. కోర్టు ఈలోగా కట్టు విషయం కూడా ఆయన మీదే పెట్టింది. మడుగూ కట్టూ రెండూ ఒకేచోట, ఒకేసారి చూసి స్వదస్తూరీతో నివేదిక రాయాలి. అది అందితే కట్టు తీయడానికి అభ్యంతరం లేదు. పది వారాల తర్వాత నా ప్రాణం కాస్త కుదుటపడింది.

ఆయన మడుగు పొడవు కొలిచారు, వెడల్పు కొలిచారు, లోతు కొలవడానికి అగ్గిపుల్ల అడిగి తీసుకున్నారు. తర్వాత లాస్యను పిలిచారు.

"మైనరు వాది ప్రమాదం నాటి భంగిమను ధరించవలెను," అన్నారు.

అంటే ఏమిటో నాకు అర్థమయ్యేలోపు వంశీధర్ చూపించాడు. పడినట్టే మడుగులో కూర్చోవాలి, కుడి చెయ్యి నీళ్లలో ఆనించాలి. కట్టు తడవకూడదని డాక్టరు చెప్పాడండీ అన్నాను. ఆయన కళ్లజోడు పైనుంచి చూశారు.

"డాక్టరు ఈ దావాలో కక్షిదారు కాడు. తల్లిగారు సహకరించాలి. నా తనిఖీ పూర్తయిందని నేను ప్రకటించేవరకు వాది కదలరాదు, మడుగు తగ్గరాదు, ఇక్కడ ఉన్నవారెవరూ జోక్యం చేసుకోరాదు."

లాస్యకు పండగలా ఉంది. నీళ్లలో కూర్చోమని పెద్దవాళ్లు చెప్పడం దాని జీవితంలో అదే మొదటిసారి. కూర్చుని చెయ్యి నీళ్లలో పెట్టింది. కమిషనరు గారు కోణం సరిగా కనబడాలని రెండడుగులు వెనక్కి వేశారు. మూడో అడుగు గీత లోపల పడింది.

ఆయన పడిన తీరు చూసి, పది వారాలుగా మా దావాలో ఉన్న ప్రతి అనుమానమూ తీరిపోయింది. కుడి చెయ్యి. అదే ఎముక అని తర్వాత తెలిసింది. కాగితాలు ఒకవైపు, కళ్లజోడు ఒకవైపు. వంశీధర్, సెక్యూరిటీ, బాబాయ్, కంపెనీ లాయరు నలుగురూ ఆయన్ని మోసుకుని ఆసుపత్రికి పరుగెత్తారు. వెళుతూ వెళుతూ తనిఖీ పూర్తయిందని ఆయన ప్రకటించలేదు. అమ్మా అని మాత్రమే అన్నారు.

నేను లాస్యను లేపబోయాను.

"వొద్దు," అంది పైడమ్మ పిన్ని స్టూలు మీద నుంచి. "కదలొద్దన్నారు. కోర్టు మాట."

నేను అర్థంకాక చూశాను. పిన్ని గోడ పట్టుకుని లేచి బకెట్టు దగ్గరికి లాక్కుంది. మగ్గు ముంచింది. నేల మీద కాదు, లాస్య కట్టు మీద సన్నటి ధారగా పోసింది.

"మడుగు తగ్గకూడదు. నా డ్యూటీ. పోసిందెక్కడ పడిందో ఎవుడు సూసినాడు."

ఇంకో మగ్గు. ఇంకోటి. మనవడికి పెద్దాసుపత్రిలో చేసేది ఇదేనట. కత్తెర చూస్తే పసిపిల్లలు జడుసుకుంటారని గంటసేపు నీళ్లలో పెట్టి, మెత్తబడ్డాక పట్టీ కొస దొరికించుకుని, చుట్టూ చుట్టూ విప్పేసేవారట. నేను, జీవితమంతా నీళ్లకు భయపడినదాన్ని, నేల మీద కూలబడి నా పిల్ల చేతి మీద నీళ్లు పోస్తుంటే చూస్తూ కూర్చున్నాను. కాసేపయ్యాక మగ్గు నేనే తీసుకున్నాను.

గంటన్నర పట్టింది. కొట్లో జనం చుట్టూ మూగారు. గీత మాత్రం ఎవరూ దాటలేదు. కట్టు మొదట బూడిదరంగుకు తిరిగింది, తర్వాత తడిసిన పిండిలా అయింది. పిన్ని కొస పట్టుకుంది. చుట్టు తర్వాత చుట్టు వచ్చేసి నీళ్లలో పడి పాలలా విరిగిపోయింది. లోపల నుంచి లాస్య చెయ్యి వచ్చింది. సన్నగా, పాలిపోయి, పొట్టు లేచి, మడతల్లో మురికితో. నా జడపిన్ను ఒకటి కూడా బయటపడింది.

పిన్ని బొటనవేలు పట్టుకుని మెల్లగా వంచింది. లాస్య ఏడ్చింది. కానీ వంగింది.

తర్వాతి వాయిదాకు కట్టు ఏదని జడ్జిగారు అడిగారు. కోయలేదండి, కరిగిందండి, కమిషనరు గారు చెప్పిన భంగిమలో, చెప్పిన చోట, కదలకుండా ఉండగా కరిగిందండి అని చెప్పాను. ఎందులో కరిగిందని అడిగారు. కోర్టు కాపాడిన నీళ్లలోనండి అన్నాను. ధిక్కారం ఎవరిదో తేల్చడానికి ఆయన ఫైలు మొదటి నుంచి చివరి దాకా చదివారు. తిట్టడానికి ఆయనకు తన ఉత్తర్వు తప్ప ఇంకొకటి దొరకలేదు. కమిషనరు గారు మొదటి వరసలోనే కూర్చుని ఉన్నారు, కుడి చేతికి కట్టుతో. నివేదిక రాయడానికి చెయ్యి కావాలి, చెయ్యి కావాలంటే కట్టు తీయాలి, కట్టు మడుగులోనే పుట్టింది గనక యథాతథం, అది తీయాలంటే నివేదిక రావాలి. ఆయన ముఖం చూస్తే జాలేసింది. బకెట్టు సంగతి చెబుదామనుకున్నాను. బాబాయ్ మళ్లీ కొంగు పట్టుకున్నారు.

"వాది సాక్ష్యం ప్రతివాది సాక్ష్యంలో లీనమైనట్లు ఈ న్యాయస్థానం గమనిస్తున్నది," అన్నారు జడ్జిగారు. "కనుక ఇకపై సదరు మడుగు ఉభయ పక్షాల ఉమ్మడి సాక్ష్యం. తుది తీర్పు వరకు దానికి రెట్టింపు రక్షణ అవసరం."

ఆ రక్షణ ఎవరికి అప్పగించాలన్నది పెద్ద సమస్య కాలేదు. ఆ నీళ్ల గురించి ప్రత్యక్షంగా తెలిసిన మనిషి ఒక్కతే. పైడమ్మ పిన్నిని కోర్టు తరఫున సంరక్షకురాలిగా నియమించారు. కొట్టు తెరిచి ఉన్నంతసేపు ఆమె మడుగు వద్దనే ఉండాలి, ఇంకొకరికి మగ్గు అప్పగించకూడదు, సెలవు కావాలంటే పిటిషను వేసుకోవాలి. పిన్ని వేలిముద్ర వేసి వెళ్లిపోయింది. వెళుతూ లాస్య బొటనవేలు ఒకసారి వంచి చూసింది. అదే ఉత్తర్వులో చివరి పేరా నాకు. ఉమ్మడి సాక్ష్యంతో వాది, ఆమె తల్లి మళ్లీ కలవకుండా, వాళ్లిద్దరూ ఆ కొట్లో అడుగుపెట్టరాదు.

ఇది జరిగి నాలుగు నెలలైంది. లాస్యకు పెన్సిలు పట్టు వచ్చింది. అక్షరాలు నిలబడవు, జారుతున్నట్టు ఉంటాయి, అయినా రాస్తోంది. కోర్టు సెలవులు అయ్యాయి, జడ్జిగారు బదిలీ అయ్యారు, కొత్తవారు ఫైలు చదవడానికి గడువు తీసుకున్నారు. నేను రోజూ కూరలకు వెళుతూ రోడ్డుకు అవతల ఆగి అద్దాల్లోంచి చూస్తాను. మూడో వరస కనబడదు. పోయిన సోమవారం నుంచి, మూసేవేళ బయటికి వచ్చేవాళ్లలో పిన్ని కనబడడం లేదు. గుమ్మం దగ్గర సెక్యూరిటీని అడిగితే, కోర్టు విషయాలు మాట్లాడకూడదన్నాడు.

మీరు ఆ వైపు వెళితే ఒక పని చేసిపెట్టండి. గుమ్మంలో పడబోనని సంతకం పెట్టమంటారు, పెట్టండి. నూనెల పక్క నుంచి మూడో వరసలోకి తిరిగి, చివరిదాకా వెళ్లక ముందే, పిన్నీ అని పిలవండి. పలికితే లాస్య బొటనవేలు పూర్తిగా వంగుతోందని చెప్పండి. చెప్పుల జత మా ఇంట్లోనే ఉందని చెప్పండి. పలకకపోతే ఆగకండి, లోపలికి వెళ్లి చూడండి. గోడ పట్టుకుని వెళ్లండి.